బ్రెగ్జిట్ తగాదాకు మూలం 2015 నాటి చట్టంలో ఉంది

సంపాదకులకు నమస్కారం.

ఐరోపా సమాఖ్య (ఈయూ) నుంచి తప్పుకోవాలని (అదే బ్రెగ్జిట్) బ్రిటన్ 2016 జూన్ 23న వేసిన ఓటు మీద ఇన్నేళ్లయినా మాటల యుద్ధం ఆగలేదు. మన పత్రికల్లో, టీవీ చర్చల్లో ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా రెండు వాదనలే వినిపిస్తాయి. అబద్ధాల ప్రచారానికి జనం మోసపోయారని ఒకటి. ప్రజలు తీర్పు చెప్పాక ఓడినవాళ్లు మూడున్నరేళ్లు అడ్డుపుల్లలు వేశారని రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ రెండూ ఓటరునే బోనులో నిలబెడతాయి తప్ప, ఆ ఓటు ఎలా పెట్టారన్నది పట్టించుకోవు. ఆ దేశం అన్నేళ్లు నలిగిపోవడానికి మూలం 2015లో పార్లమెంటు చేసిన రిఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) చట్టంలో ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. అందులో రాసినవాటికన్నా రాయకుండా వదిలేసినవే ఎక్కువ చేటు చేశాయి. ఆ సంగతి వివరంగా చెప్పడానికే ఈ ఉత్తరం.

ముందు అంకెలు. తప్పుకోవాలన్నవి 1,74,10,742 ఓట్లు, ఉండాలన్నవి 1,61,41,241. అంటే 51.9 శాతం, 48.1 శాతం. పోలింగ్ 72.2 శాతం. తేడా 12.7 లక్షల ఓట్లు. ఇంగ్లండ్, వేల్స్ తప్పుకోవాలన్నాయి. స్కాట్లండ్ 62 శాతం, ఉత్తర ఐర్లండ్ 55.8 శాతం ఉండాలన్నాయి. ఓటు పత్రం మీద ఉన్న ప్రశ్న ఒక్కటే: యునైటెడ్ కింగ్‌డమ్ ఐరోపా సమాఖ్యలో సభ్యదేశంగా కొనసాగాలా, లేక సమాఖ్యను వీడాలా? కింద రెండు గడులు. ఏదో ఒకదాంట్లో పెన్సిల్‌తో గుణకారపు గుర్తు పెట్టాలి.

ఈ ప్రశ్న రాయడంలో ఎన్నికల సంఘం శ్రద్ధ తీసుకున్న మాట వాస్తవం. ముందు అనుకున్న ‘అవును, కాదు’ ప్రశ్న ఒక పక్షానికి మొగ్గు ఇస్తుందని మార్పించింది కూడా. అయితే భాష చక్కదిద్దినంత మాత్రాన ప్రశ్న పూర్తి కాలేదు. వీడి ఎక్కడికి పోవాలన్నది అందులో లేదు. అద్దె ఇల్లు ఖాళీ చేద్దామా అని ఇంటిల్లిపాదినీ అడిగి, ఏ ఇంటికి మారాలో అడగకుండానే సామాను లారీకెక్కించినట్టయింది.

ఎందుకంటే సమాఖ్య బయట ఉండడం ఒక రకం కాదు. నార్వే ఈయూ సభ్యదేశం కాదు, అయినా ఉమ్మడి మార్కెట్‌లో ఉంటుంది. అందుకు బదులుగా డబ్బు కడుతుంది, ఈయూ పౌరులు వచ్చి స్వేచ్ఛగా పనిచేసుకోవడానికి ఒప్పుకుంటుంది, తాను ఓటెయ్యని నిబంధనలు పాటిస్తుంది. టర్కీ ఉమ్మడి మార్కెట్‌లో లేదు గానీ పారిశ్రామిక సరుకులకు ఈయూతో సుంకాల కూటమి ఉంది. కాబట్టి ఆ సరుకులపై ఈయూ పెట్టిన సుంకమే తానూ పెట్టాలి, వాటి మీద ఇతర దేశాలతో తన ఇష్టప్రకారం ఒప్పందం చేసుకోలేదు. కెనడాది వట్టి వాణిజ్య ఒప్పందం. సుంకాలు చాలావరకు పోతాయి, సరిహద్దులో తనిఖీలు మాత్రం ఉంటాయి. ఇవేవీ కాకపోతే ప్రపంచ వాణిజ్య సంస్థ మామూలు నిబంధనలే దిక్కు. వలసలు తగ్గాలని ఓటేసినవారికి నార్వే దారి పనికిరాదు. భారత్‌తో, అమెరికాతో సొంత ఒప్పందాలు కావాలన్నవారికి టర్కీ దారి పనికిరాదు. నిస్సాన్ కార్ల కర్మాగారం ఉన్న సండర్లండ్‌లో 61 శాతం మంది వీడాలనే అన్నారు. అక్కడి కార్మికుడికి కావలసింది ఫ్రాన్స్ నుంచి విడిభాగాలు ఆగకుండా రావడం. ఈ ముగ్గురి ఓట్లూ ఒకే గడిలో పడ్డాయి. లెక్కించినప్పుడు 52 శాతం అయ్యాయి. అమలు చేయబోతే ఏ దారికీ 52 శాతం లేదు.

ఇక చట్టం సంగతి. బ్రిటన్‌కు రిఫరెండం చట్టం రాయడం చేతకాదా అంటే, బాగా చేతనవును. అంతకు నాలుగేళ్ల ముందే, 2011 మే 5న, పార్లమెంటు ఎన్నికల్లో ఓటేసే పద్ధతి మార్చాలా అని దేశమంతటా ఓటింగ్ పెట్టారు. ఆ చట్టంలో కొత్త పద్ధతి ఎలా ఉంటుందో సెక్షన్ల వారీగా ముందే రాసి ఉంది. ‘అవును’ గెలిస్తే మంత్రి దాన్ని అమల్లోకి తేవాల్సిందేనని, ‘కాదు’ గెలిస్తే ఆ సెక్షన్లు రద్దవుతాయని కూడా ఉంది. 67.9 శాతం మంది కాదన్నారు, సెక్షన్లు పోయాయి, ఆ మర్నాటి నుంచి ఎవరూ నోరెత్తలేదు. 2015 చట్టంలో ఇలాంటి ఏర్పాటు ఒక్కటీ లేదు. ఓటింగ్ జరపాలి, లెక్కించాలి, ఫలితం ప్రకటించాలి. అక్కడితో చట్టం అయిపోతుంది. ఫలితం వచ్చాక ఎవరు ఏం చేయాలో ఒక్క వాక్యం లేదు. చట్టం దృష్టిలో అది సలహా మాత్రమే.

అదే ప్రభుత్వం 2016 ఏప్రిల్ నుంచి 2 కోట్ల 70 లక్షల ఇళ్లకు ఒక కరపత్రం పంచింది. ఖర్చు 93 లక్షల పౌండ్లు. ఇది మీ నిర్ణయం, మీరు నిర్ణయించినదాన్ని ప్రభుత్వం అమలు చేస్తుంది అని దాంట్లో అచ్చు వేశారు. చట్టం సలహా అంటుంది, కరపత్రం శాసనం అంటుంది. తరువాత వచ్చిన ప్రతి రగడా ఈ రెండు కాగితాల మధ్య సందులోంచి పుట్టిందే. వీడాలన్నవారు కరపత్రం చూపారు, ఉండాలన్నవారు చట్టం చూపారు. ఎవరి చేతిలో కాగితం వారిది. ఎవరూ అబద్ధమాడలేదు.

కోర్టు గొడవా అక్కడిదే. ప్రధాని థెరిసా మే తన అధికారంతోనే ఈయూకు వీడుతున్నామని నోటీసు ఇవ్వబోతే, పార్లమెంటు చట్టం లేకుండా కుదరదని 2017 జనవరి 24న సుప్రీంకోర్టు 8-3 తేడాతో తీర్పిచ్చింది. అంతకుముందు హైకోర్టు అదే మాట అన్నందుకు ఆ న్యాయమూర్తులను ప్రజాద్రోహులని ఒక పత్రిక మొదటి పేజీలో దుయ్యబట్టింది. న్యాయమూర్తులు చేసిందల్లా చట్టం చదవడం. 2011 నాటి చట్టంలోని రెండు సెక్షన్లు 2015లోనూ రాసి ఉంటే ఆ కేసే ఉండేది కాదు.

గెలుపు గీత ఎక్కడ గీయాలన్నదీ తేల్చలేదు. 1979 మార్చి 1న స్కాట్లండ్ శాసనసభ ఏర్పాటుపై ఓటు పెట్టినప్పుడు, మొత్తం ఓటర్లలో 40 శాతం మంది అవునంటేనే చెల్లుతుందన్న షరతు చట్టంలో ఉంది. పోలైన వాటిలో 51.6 శాతం అవునన్నారు. మొత్తం ఓటర్లలో అది 32.9 శాతమే కాబట్టి వీగిపోయింది. అదే గజంతో కొలిస్తే 2016లో వీడాలన్నవి మొత్తం ఓటర్లలో 37.4 శాతం. కాబట్టి 40 శాతం పెట్టి ఉండాల్సిందని నేను అనను. ఆ షరతు స్కాట్లండ్‌లో ఒక తరం పాటు కసి మిగిల్చింది. నేననేది, గీత ఎక్కడ ఉండాలన్నది ఓటుకు ముందే వాదించుకుని తేల్చుకోవాలి. ఫలితం వచ్చాక ఆ గీత కోసం వెతికితే అన్యాయమవుతుంది. దీనికి ఒక ఉదాహరణ ఉంది. పోలింగ్ 75 శాతం దాటకపోతే, గెలిచినవారికి 60 శాతం రాకపోతే మళ్లీ ఓటు పెట్టాలన్న వినతి పార్లమెంటు వెబ్‌సైట్లో 2016 మేలోనే పెట్టారు. పెట్టినాయన వీడాలనే పక్షం మనిషి, తన పక్షం ఓడుతుందనుకుని పెట్టాడు. ఫలితం తలకిందులవడంతో ఉండాలనేవారు ఎగబడి 41 లక్షల సంతకాలు చేశారు. ప్రభుత్వం కాదంది. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే.

ఓటు హక్కు ఎవరికి ఇచ్చారన్నది మన పాఠకులకు దగ్గరి విషయం. చాలామందికి ఇది తెలియదు. బ్రిటిష్, ఐరిష్ పౌరులతో పాటు అక్కడ చట్టబద్ధంగా నివసించే కామన్వెల్త్ దేశాల పౌరులకూ ఆ రిఫరెండంలో ఓటుంది. అంటే భారత పాస్‌పోర్టుతో లండన్‌లోనో రెడింగ్‌లోనో ఉద్యోగ వీసా మీద ఉన్న తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీరు పేరు నమోదు చేసుకుంటే పోలింగ్ కార్డు ఇంటికొచ్చేది. పక్కింట్లో ఇరవై ఏళ్లుగా ఉంటూ పన్ను కడుతున్న ఇటలీ, పోలండ్ పౌరులకు మాత్రం ఓటు లేదు. పదిహేనేళ్లకు పైగా స్పెయిన్‌లో ఉంటున్న బ్రిటిష్ పింఛనుదారుకూ లేదు. స్కాట్లండ్ 2014 నాటి తన స్వాతంత్ర్య రిఫరెండంలో 16 ఏళ్లవారికి ఓటిచ్చింది. 2016కు కూడా ఇవ్వాలని పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ సవరణ చేస్తే దిగువ సభ అయిన కామన్స్ సభ తిప్పికొట్టింది. ఎవరి బతుకు ఎక్కువగా తారుమారవుతుందో వారిలో చాలామందిని బయట నిలబెట్టి ఫలితం తెచ్చుకుంటే, దాన్ని వారు మనసారా ఒప్పుకుంటారని ఎలా అనుకున్నారో అర్థం కాదు.

దక్షిణాసియా ఓటర్ల కోసం ప్రత్యేకంగా ఒక హామీ తయారైంది. ఐరోపావారికి తలుపులు బార్లా తెరిచి, మన ఉపఖండం వంటమాస్టర్లకు వీసా ఇవ్వడం లేదు, బయటికొస్తే కర్రీ హోటళ్లను కాపాడుకోవచ్చు అని అప్పటి మంత్రి ప్రీతి పటేల్ సహా వీడాలనే పక్షం నేతలు ప్రచారం చేశారు. చాలా హోటళ్లవాళ్లు నమ్మారు. జరిగిందేమిటంటే, 2021 జనవరి నుంచి అందరికీ ఒకే పాయింట్ల పద్ధతి వచ్చింది. నైపుణ్య ఉద్యోగ వీసాకు కనీస జీతం మొదట ఏడాదికి 25,600 పౌండ్లు. 2024 ఏప్రిల్లో 38,700 చేశారు. 2025 జులైలో 41,700 చేసి, కొద్దిపాటి మినహాయింపులు పోను డిగ్రీ స్థాయికి తక్కువైన కొలువులకు కొత్తగా ఆ దారి మూసేశారు. ఏ ఊరి కర్రీ హోటల్ వంటమాస్టరుకూ అంత జీతం ఇవ్వలేదు. ఇంకోవైపు, చదువయ్యాక రెండేళ్లు ఉండి ఉద్యోగం చూసుకునే గ్రాడ్యుయేట్ రూట్ 2021 జులై 1న మొదలయ్యేసరికి మన జిల్లాల నుంచి మాస్టర్స్ చదువులకు వెళ్లేవారు ఒక్కసారిగా పెరిగారు. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదికి బ్రిటన్‌కు నికర వలస (వచ్చినవారిలోంచి వెళ్లినవారిని తీసేస్తే) 9 లక్షలు దాటింది. వలసలు తగ్గిస్తామని గెలిచిన ఓటు తర్వాత ఇలా జరిగింది. దాంతో మళ్లీ బిగింపు మొదలై, 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులు జీవిత భాగస్వామిని వెంట తీసుకెళ్లడం ఆగిపోయింది. అప్పులు చేసి వెళ్లిన మన పిల్లలు ఈ ఊగిసలాట భారం మోస్తున్నారు. ‘నియంత్రణ మన చేతికి’ అన్న నినాదంతో వీడాలనే పక్షం ఓట్లు అడిగిందే గాని, ఎంతమందిని, ఎవరిని, ఏ జీతానికి రానివ్వాలన్నది ఓటు పత్రంలో ఎవరూ అడగలేదు.

ప్రచారంలో అబద్ధాల మాట ఒక్క పేరాలో ముగిస్తాను. ఈయూకు వారానికి 35 కోట్ల పౌండ్లు పంపుతున్నామని వీడాలనే పక్షం తన ప్రచార బస్సు మీద రాసింది. 1984లో అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ సాధించిన రాయితీని మినహాయించకముందు లెక్క అది. ఆ రాయితీ సొమ్ము అసలు దేశం దాటేదే కాదు. తప్పుదోవ పట్టించే అంకె అని అధికారిక గణాంకాల పర్యవేక్షణ సంస్థే చెప్పినా బస్సు తిరుగుతూనే ఉంది. అవతల ఆర్థిక శాఖ, బయటికొస్తే ఇంటికి ఏటా 4,300 పౌండ్ల నష్టమంది. అది పదిహేనేళ్ల తర్వాతి జీడీపీ అంచనాను ఇళ్ల సంఖ్యతో భాగించిన అంకె. కుటుంబం జీతంలోంచి పోయే డబ్బని జనం అనుకునేలా చెప్పారు. రెండూ తప్పే. అయితే అబద్ధం లేని ప్రచారం జరిగి ఉన్నా, గమ్యం రాయని ప్రశ్నకు గమ్యం ఉన్న జవాబు వచ్చేది కాదు.

గమ్యం రాయడం సాధ్యమేనా అని అడగవచ్చు. స్కాట్లండ్ ప్రభుత్వం రాసింది. 2014 సెప్టెంబర్ స్వాతంత్ర్య రిఫరెండానికి పది నెలల ముందే, విడిపోతే కరెన్సీ ఏమిటి, పింఛన్లు ఎవరు ఇస్తారు, సైన్యం ఎంత అన్నది దాదాపు 670 పేజీల శ్వేతపత్రంలో ప్రచురించింది. కరెన్సీ అధ్యాయం బలహీనంగా ఉందని ప్రత్యర్థులు దాన్ని ఏకిపారేశారు. ఓటరుకు మేలు జరిగింది అక్కడే. చేతిలో కాగితం ఉంది కాబట్టి దాన్ని చించి చూడగలిగారు. 84.6 శాతం పోలింగ్‌లో 55.3 శాతం విడిపోవద్దన్నారు. 2016లో వీడాలన్న పక్షం ప్రభుత్వం కాదు, పథకం రాయాల్సిన బాధ్యత దానికి లేదు. ప్రభుత్వమేమో ఉండాలనే పక్షం. వీడితే ఏం చేయాలో ముందస్తు ప్రణాళిక వేయవద్దని సివిల్ సర్వీసుకు చెప్పింది. దీన్ని ఘోర నిర్లక్ష్యమని కామన్స్ విదేశాంగ వ్యవహారాల సంఘం 2016 జులైలోనే తప్పుపట్టింది. ఫలితం వచ్చిన తెల్లారి అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ రాజీనామా ప్రకటించారు. బల్ల మీద ఒక్క కాగితం లేదు.

ఇక సభ్యదేశం ఎలా వీడాలో చెప్పే ఈయూ ఒప్పందంలోని 50వ అధికరణ. అది వీడేవారికి అనుకూలంగా రాసింది కాదు. నోటీసు ఇచ్చిన రోజు నుంచి రెండేళ్లు. గడువు పెంచాలంటే మిగతా దేశాలన్నీ ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. నోటీసు ఇవ్వనిదే చర్చలు లేవని బ్రసెల్స్ ముందే చెప్పేసింది. అలాంటప్పుడు నోటీసుకు ముందే ఇంట్లో ఏకాభిప్రాయం తెచ్చుకోవాలి. మే ప్రభుత్వం 2017 మార్చి 29న నోటీసు ఇచ్చి, మూడు వారాలకు మధ్యంతర ఎన్నికలు ప్రకటించి, జూన్ 8న ఉన్న మెజారిటీ పోగొట్టుకుంది. చర్చలు మొదలయ్యేసరికి జూన్ 19. తరువాత ఉత్తర ఐర్లండ్‌లోని డీయూపీ (బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనే పార్టీ) 10 మంది ఎంపీల మీద ఆధారపడి నెట్టుకొచ్చింది. రాబోయే సరిహద్దు సమస్యలో ఎవరు ఎక్కువ పట్టుబడతారో సరిగ్గా వారి చేతికే తాళం చెవి ఇచ్చినట్టయింది.

ఎంపీల ఇరకాటమూ చెప్పుకోవాలి. ఓట్లు లెక్కించింది నియోజకవర్గాల వారీగా కాదు, 382 లెక్కింపు ప్రాంతాల వారీగా. అవి దాదాపుగా స్థానిక సంస్థల హద్దులు. చాలామంది ఎంపీలకు తమ నియోజకవర్గం ఏమందో కచ్చితంగా తెలియదు, అంచనాలే దిక్కు. అలాంటి సభ ముందుకు 2018 నవంబర్లో 585 పేజీల నిష్క్రమణ ఒప్పందం వచ్చింది. 2019 జనవరి 15న 432-202తో ఓడింది. ప్రభుత్వం 230 ఓట్ల తేడాతో ఓడడం ఆధునిక కాలంలో ఎరుగనిది. మార్చి 12న 149 తేడాతో, మార్చి 29న 58 తేడాతో మళ్లీ ఓడింది. ఉండాలనేవారు వ్యతిరేకంగా వేశారు, ఇది నిజమైన నిష్క్రమణ కాదని గట్టి బ్రెగ్జిట్ వాదులూ వ్యతిరేకంగానే వేశారు.

మధ్యలో మార్చి 27న కామన్స్ సభ ఎనిమిది దారులు కాగితం మీద పెట్టి ఎంపీలను ఒక్కోదానికీ అవునా, కాదా అని అడిగింది. ఎనిమిదీ ఓడాయి. ఒప్పందం లేకుండా వెళ్లడానికి 160 మందే ఒప్పుకున్నారు, 400 మంది కాదన్నారు. ఏప్రిల్ 1న నాలుగింటిని మళ్లీ పరీక్షిస్తే సుంకాల కూటమి 273-276తో, మూడంటే మూడు ఓట్లతో పోయింది. ప్రజల దగ్గరికి మళ్లీ వెళ్లాలన్న ప్రతిపాదన 280-292తో పోయింది. ఎంపీలు మొండివాళ్లని మన దగ్గర చాలామంది రాశారు. పొరపాటు. 2016లో ఓటర్లను అడగకుండా వదిలేసిన రెండో ప్రశ్నను మూడేళ్ల తర్వాత 650 మంది నెత్తిన వేస్తే వచ్చిన జవాబు అది. అదే పని 2016 శరదృతువులో, నోటీసుకు ముందు, ఇష్టాల క్రమం రాయించే పద్ధతిలో చేసి ఉంటే ఏదో ఒకటి తేలేది. ఒక్కో ప్రతిపాదనకు విడివిడిగా అవును, కాదు అడిగితే ప్రతిదానికీ వ్యతిరేకులంతా కలిసిపోతారు.

రెండో రిఫరెండం కోరినవారి దగ్గరా ఇదే చిక్కు. 2018 అక్టోబర్లో, 2019 మార్చిలో లండన్ వీధులు నింపారు. 50వ అధికరణ నోటీసు వెనక్కి తీసుకోమన్న వినతికి 61 లక్షల సంతకాలు వచ్చాయి. వారి బాధ నిజం. కానీ ఓటు పత్రం మీద ఏం రాస్తారు? ఒప్పందం, ఉండడం అని రెండే రాస్తే, ఒప్పందం లేకుండా పోదామనేవారు తమకు చోటే లేదని బహిష్కరిస్తారు. మూడూ రాస్తే వీడాలనే ఓట్లు రెండుగా చీలి, 35 శాతంతో ఉండడం గెలవవచ్చు. అప్పుడు తగాదా రెట్టింపవుతుంది. దీనికి న్యూజిలాండ్ పాటించిన దారి ఉంది. ఎన్నికల పద్ధతి మార్పుపై 1992లో అక్కడ ఒకే కాగితం మీద రెండు ప్రశ్నలు అడిగారు: మార్చాలా, మార్చితే ఈ నాలుగింటిలో ఏది? గెలిచిన పద్ధతిని పూర్తి చట్టంగా రాసి, 1993లో పాత పద్ధతికి ఎదురు నిలబెట్టి తుది ఓటు పెట్టారు. ఓటరు రెండోసారి వచ్చేసరికి చట్టం అచ్చై ఉంది. ఐర్లండ్ కూడా 2018 మేలో గర్భస్రావంపై ఓటుకు ముందే, గెలిస్తే తేబోయే చట్టం రూపురేఖలను ప్రచురించింది. 66.4 శాతం అవునన్నారు, ఏం అడిగారో అదే వచ్చింది. రెండంచెల ఓటు అనేది మొదటే రాసుకుంటే పద్ధతి అవుతుంది. ఓడాక అడిగితే మొండితనంగా కనిపిస్తుంది.

పథకం లేకపోతే నేల మీద ఏమవుతుందో ఉత్తర ఐర్లండ్‌లో చూడాలి. ఐర్లండ్ ద్వీపంలో, బ్రిటన్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్‌కూ ఈయూ సభ్యదేశమైన ఐర్లండ్‌కూ మధ్య సరిహద్దు సుమారు 500 కిలోమీటర్లు, దాటే దారులు 200కు పైగా. ఉత్తర ఐర్లండ్‌లో దశాబ్దాల హింసకు తెరదించిన 1998 గుడ్ ఫ్రైడే ఒప్పందం తర్వాత అక్కడ గేటు లేదు, తనిఖీ లేదు. బ్రిటన్ మూడు మాటలిచ్చింది: ఉమ్మడి మార్కెట్, సుంకాల కూటమి రెండూ వీడతాం, ద్వీపంలో సరిహద్దు రానివ్వం, మిగతా బ్రిటన్‌కూ ఉత్తర ఐర్లండ్‌కూ మధ్య సముద్రంలోనూ తనిఖీ ఉండదు. వీటిలో ఏ రెండైనా నిలుస్తాయి, మూడూ కలిసి నిలవవు. మే తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ మూడోదాన్ని వదులుకుని సంతకం చేశారు.

అప్పటిదాకా స్కాట్లండ్‌లోని కెయిర్న్‌రయాన్ రేవులో ఫెర్రీ ఎక్కి ఉత్తర ఐర్లండ్‌లోని లార్న్‌లో దిగిపోయే సూపర్‌మార్కెట్ లారీని తీసుకోండి. లోపల పాలు, కోడిమాంసం, సాసేజీలు, బ్రెడ్డు, మొక్కలు కలగలిపి ఉంటాయి. 2021 నుంచి కొత్త నిబంధన ప్రకారం దానికి కస్టమ్స్ డిక్లరేషన్ కావాలి. జంతు సంబంధ సరుకు రకరకానికీ పశువైద్యాధికారి సంతకం చేసిన ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. మొక్కలకు వేరే పత్రం. ఒక్క పెట్టె కాగితం తప్పితే మొత్తం లారీ ఆగుతుంది. చల్లగా నిల్వచేసిన పచ్చి సాసేజీని బయటి దేశం నుంచి ఈయూ అసలు రానివ్వదు, గడ్డకట్టించి ఉంటేనే ఒప్పుకుంటుంది. సొంత దేశంలో ఒక రేవు నుంచి ఇంకో రేవుకు సాసేజీ పంపడం దౌత్య వివాదమైంది. సూపర్‌మార్కెట్లకు తాత్కాలిక సడలింపులు ఇచ్చుకుంటూ పోయారు. 2023 ఫిబ్రవరి నాటి విండ్సర్ ఒప్పందంతో ఉత్తర ఐర్లండ్‌లోనే ఆగే సరుకుకు ఆకుపచ్చ లైను, అక్కడి నుంచి ఈయూలోకి పోగలిగేదానికి ఎర్ర లైను వచ్చాయి. మాంసం, పాల ప్యాకెట్ల మీద ‘ఈయూ కోసం కాదు’ అన్న లేబుల్ అంటించాల్సి వచ్చింది. ఈ గొడవ మీద డీయూపీ బహిష్కరించడంతో అక్కడి ప్రభుత్వం 2022 ఫిబ్రవరి నుంచి 2024 ఫిబ్రవరి దాకా పూర్తిస్థాయిలో నడవనే లేదు. 2016 ప్రచారంలో ఈ లారీ గురించి మాట్లాడినవారు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది.

ఇంగ్లండ్, వేల్స్ తీరాల్లో ఆల్చిప్పలు పట్టేవారి కథ ఇంకా చిన్నది, ఇంకా స్పష్టమైనది. నీటి శుభ్రతను బట్టి అక్కడి సముద్ర ప్రాంతాలకు ఎ, బి, సి అని తరగతులుంటాయి. బి తరగతి నీటిలో పట్టిన బతికున్న ఆల్చిప్పల్ని శుభ్రమైన సముద్రపు నీటి తొట్లలో ఉంచి శుద్ధి చేయాలి. సభ్యదేశంగా ఉన్నప్పుడు అలాగే పంపితే ఫ్రాన్స్, నెదర్లండ్స్ కొనుగోలుదారులు తమ తొట్లలో శుద్ధి చేసుకునేవారు. బయటి దేశమయ్యాక శుద్ధి చేసి పంపాల్సిందే. నీరు మారలేదు, సరుకు మారలేదు, హోదా మారింది. భీమవరం, నెల్లూరు రొయ్యల రైతులకు, ఎగుమతిదారులకు ఇది కొత్త కాదు. మన రొయ్యల సరుకులో యాంటీబయాటిక్ అవశేషాల పరీక్షను ఈయూ 2016లోనే 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. బయటి దేశం అంటే ఏమిటో మనవారు ఏనాడో చూశారు. బ్రిటన్ 2021లో చూసింది.

న్యాయంగా రెండో వైపూ చెప్పాలి. 2025 జులై 24న భారత్‌తో సంతకాలైన వాణిజ్య ఒప్పందం బ్రిటన్ ఈయూలో ఉండగా విడిగా చేసుకోగలిగేది కాదు. మన రొయ్యల మీద అక్కడి సుంకం పోయేది దాని వల్లనే. బ్రెగ్జిట్ వాదులు చూపించే లాభాల్లో ఇది నిజమైనదే. బ్రిటన్ బడ్జెట్ అంచనాల కార్యాలయం మాత్రం ఈయూలోనే ఉన్నదానితో పోలిస్తే దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని లెక్కగట్టింది. తప్పు చేశామనే బ్రిటన్‌వాసులు ఇప్పుడు సర్వేల్లో సగానికి పైనే. అయినా తిరిగి చేరాలంటే ఏ షరతులకు, ఏ కరెన్సీతో అన్నది మళ్లీ ఎవరూ కాగితం మీద పెట్టడం లేదు.

విడిపోవడం ఎంత చిక్కో తెలుగువారికి ఒకరు చెప్పాల్సిన పని లేదు. మనకు ఓటుతో కాకుండా పార్లమెంటు చట్టంతో జరిగింది. తొమ్మిదో, పదో షెడ్యూళ్లలో సంస్థల పేర్లు వరుసగా రాసిపెట్టినా వాటి పంపకం మీద పదేళ్ల తర్వాతా రెండు రాష్ట్రాల అధికారులు కూర్చుంటూనే ఉన్నారు. పేర్లే రాయకుండా మొదలుపెట్టిన చోట ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు.

మీ పత్రికకు నా వినతి ఒకటుంది. బ్రెగ్జిట్ మీద మళ్లీ వ్యాసాలు వేసేటప్పుడు ఎవరు గెలిచారన్న లెక్కతో పాటు రాబోయే ఓట్ల చట్టాలనూ పాఠకుల ముందు పెట్టండి. ఉత్తర ఐర్లండ్ శాసనసభ పైన చెప్పిన సరుకుల ఏర్పాటు కొనసాగింపును 2024 డిసెంబర్ 10న 48-36తో ఆమోదించింది. బ్రిటన్‌తో ఉండాలనే వర్గం, ఐర్లండ్‌తో కలవాలనే వర్గం రెండూ ఒప్పుకోకుండా మామూలు మెజారిటీతోనే నెగ్గింది కాబట్టి 2028లో మళ్లీ ఓటు తప్పదు. దానికంటే పెద్దది ఐర్లండ్ ఏకీకరణ ఓటు. 1998 చట్టం ప్రకారం మెజారిటీ ఏకీకరణ కోరుతున్నట్టు బ్రిటన్ మంత్రికి అనిపిస్తే ఓటు పెట్టాల్సిందే. ఒకసారి పెట్టాక ఏడేళ్ల లోపు మళ్లీ పెట్టకూడదు. సగానికి ఒక్క ఓటు ఎక్కువైనా చాలు. ఏ ఆధారంతో మంత్రికి అలా అనిపించాలో చట్టంలో లేదు. కలిశాక ఆస్పత్రులు ఎవరి పద్ధతిలో నడుస్తాయి, పింఛన్లు ఎవరిస్తారు, ఉత్తర ఐర్లండ్ రాజధాని బెల్ఫాస్ట్‌లో శాసనసభ ఉంటుందా అన్నదీ లేదు. ఆ కాగితం రాయడానికి ఇంకా సమయం ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కాకినాడ.